రేవులో పెట్టిన బడి

గవ్వలరేవులో పైడయ్య, నూకయ్య అని అన్నదమ్ములు. వాళ్ళ తెలివి ఎంతంటే, ఈ కథ రాసేవాడికి ఉన్నదానికి రెట్టింపు. అంటే ఎంతో మీరే చూస్తారు. అది ఎక్కడ ఆవిరైపోతుందోనని పైడయ్య నిద్రలో కూడా తలపాగా విప్పేవాడు కాదు.

ఆ ఏడు ఇంటినిండా బెల్లం. వానలొచ్చేలోగా ఓడెక్కకపోతే అంతా పానకమే. ఓడలేమో ఇటు చూడకుండా పక్క రేవుకి పోతున్నాయి. పైడయ్య వెళ్ళి రేవు అధికారిని అడిగాడు.

"రేవులో పెట్టుబడి పెట్టాలయ్యా! లోతు, గట్టు, గిడ్డంగి బాగుంటే ఓడ ఆగుతుంది, మన సరుకు దేశదేశాలకు పోతుంది. లేదంటే బేరమంతా పక్కవాళ్ళదే. పెట్టుబడి పెట్టండి, రాబడి దానంతటదే వస్తుంది."

పైడయ్య ఇంటికి పరుగెత్తాడు. "ఒరే నూకా! రేవులో బడి పెట్టాలంట్రా!"

"అదెంత పని అన్నాయ్! ఇవాళ ఆదివారం, ఊళ్ళో బడి ఖాళీగానే ఉందిగా!"

అంతే. తాటాకు బడిని రాటలతో సహా పెకిలించుకొచ్చారు. 'రేవులో' అన్నాడు గాని 'ఒడ్డున' అన్నాడా? అందుకని నీళ్ళలో తెప్పల మీద నిలబెట్టి, గట్టుకి తాడేసి కట్టారు. ఇంటిపోరు పడలేక బడిలో కునుకు తీస్తున్న మాస్టార్ని లేపడం మర్యాద కాదని ఆయన్నీ మోసుకొచ్చారు. గిడ్డంగి కూడా ఉండాలన్నాడుగా, బెల్లమంతా అందులోనే సర్దేశారు.

"మరి పిల్లలు చదువుకునేదెలా?" అంది పైడయ్య పెళ్ళాం గంగులమ్మ.

"ఈతొచ్చినోళ్ళు చదువుతారు!" అన్నాడు పైడయ్య.

ఇంతలో ఓడ రానే వచ్చింది. సరంగు తాడు విసిరి, "దేనికైనా గట్టిగా కట్టండి!" అన్నాడు. నూకయ్య బడి రాటకి కట్టాడు.

"నీళ్ళు చాలవయ్యా, ఓడ నేలకి తగులుతోంది!"

"ఆ మాట ముందే చెప్పొద్దూ!" అని ఇంటిల్లిపాదీ బావి నుంచి బిందెలతో తెచ్చి సముద్రంలో పొయ్యడం మొదలెట్టారు.

సరంగు తల పట్టుకున్నాడు. "మీ రేవుకో దండం!"

"మీకూ దండమండీ!" అన్నాడు పైడయ్య, వినయంగా.

"నే పోతున్నా, తాడు విప్పండి!"

ఇంకేముంది, గట్టుకున్న తాడు విప్పేశాడు పైడయ్య. ఓడ కదిలింది. ఓడ వెనకే బడి, బడిలో బెల్లం, బెల్లం మధ్య మాస్టారు.

"అయ్యో, ఏడాది కష్టం పోయింది!" అని గంగులమ్మ గుండె బాదుకుంది.

"పిచ్చి మొహమా! సరుకు దేశదేశాలకు పోతోంది. ఇక రా, బడీ అంటే వచ్చేస్తుంది."

అందరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అరిచారు: "రా, బడీ! రా, బడీ!"

బడి రాలేదు. చినుకులొచ్చాయి.

నూకయ్య నెత్తి కొట్టుకున్నాడు. "అన్నాయ్! ఆదివారం పూట బడి ఎందుకొస్తుంది?"

"నిజమేరోయ్!" అన్నాడు పైడయ్య. సోమవారం పొద్దున్నే రమ్మని సముద్రంలోకి గట్టిగా కేకేసి, ఇంటికెళ్ళి తలపాగా బిగించుకుని హాయిగా పడుకున్నాడు.