తాళంచెవి ఎవరి చేతికి?

సుభాషిణికి వారం రోజులుగా తిండి సయించడం లేదు. లేజర్ మీట దగ్గర చెయ్యి పెట్టాలంటేనే ఒళ్ళు చల్లబడిపోతోంది.

కూర్మారావు మాస్టారి ల్యాబులో ఆమె పరిశోధన చేస్తోంది. అక్కడ పనేమిటంటే, గాలి తీసేసిన ఛాంబర్లో వెండి పలక పెట్టి దానిమీద లేజర్ కొడతారు. ఆ దెబ్బకి వెండి కాస్తా నిప్పును మించిన వేడి ఆవిరైపోతుంది. దాన్నే ప్లాస్మా అంటారు. ఆ సన్నటి ప్లాస్మా గీత కొసనుంచి ఇంకో లేజర్ కాంతి పుడుతుంది, అతినీలలోహితానికి కూడా అవతలిది. పుట్టే కాంతీ కనిపించదు, కొట్టే కాంతీ కనిపించదు. కొట్టేది కంట్లో పడిందా, చూపు పోయాకే తెలుస్తుంది.

అందుకే ఆ గదిలోకి ఎవరు వెళ్ళినా లేజర్ తాళంచెవి తీసి, బయట ఒకరి చేతిలో పెట్టి వెళ్ళాలి. అది లేకపోతే మీట నొక్కినా లేజర్ పనిచెయ్యదు. పోయిన వారం ఎలీషా ఆ పని చెయ్యలేదు. ల్యాబులో అందరికంటే సీనియర్, భయమంటే ఏమిటో తెలియని మనిషి. పలక సర్దడానికి తాళంచెవి లేజర్‌కే వదిలేసి లోపలికి దూరాడు. గది ఖాళీగా ఉందనుకుని సుభాషిణి బయటున్న మీట మీద వేలు పెట్టింది. ఎందుకో మనసొప్పక, "లోపలెవరైనా ఉన్నారా?" అని కేకేసింది.

"ఆగు తల్లీ, నేనున్నా!" ఛాంబర్ వెనకనుంచి ఎలీషా గొంతు.

అతను బయటికొచ్చి నవ్వేశాడు. "ఏం కాలేదుగా, వదిలెయ్!" ఆమె మాత్రం అక్కడే కూలబడింది. అమ్మో, ఆ ఒక్క కేక వెయ్యకపోయి ఉంటే!

ఇవాళ మాస్టారి దగ్గరికెళ్ళి ఏడ్చేసింది. "నావల్ల కాదు సార్. ఈ భయం పోయే దారేదైనా ఉంటే చెప్పండి. లేదంటే ల్యాబు మానేసి వెళ్ళిపోతాను."

మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"పలకంతా గుంటలు పడింది, మార్చాలి. ఇవాళ నేను వెళ్తాను."

లేజర్‌కున్న తాళంచెవి తీశారు. అక్కడే ఉన్న ఎలీషా ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. మాస్టారు అతన్ని దాటి వెళ్ళి, తాళంచెవి సుభాషిణి అరచేతిలో పెట్టారు.

"నాకా సార్! వద్దు సార్. నా చేతులు ఎలా వణుకుతున్నాయో చూడండి."

"చూశానమ్మా," అన్నారాయన గది తలుపు తీస్తూ. "చూసే ఇచ్చాను."