గరుకయ్య నడిచిన రెండువేల ఏడువందల అడుగులు

పులికనుమ అడవిలో దుప్పులు, కుందేళ్ళు, ఉడుములు, గండుచీమలు ఉండేవి. వాటితోపాటు గరుకయ్య అనే ముళ్ళపంది కూడా ఉండేవాడు. గరుకయ్యకి ఒక గొప్ప సుగుణం ఉంది. ఎక్కడికి నడిచినా అడుగులు లెక్కపెట్టేవాడు. ఆ లెక్క తనొక్కడే దాచుకోవడం స్వార్థమని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేవాడు.

ముళ్ళపందులు పగలు పడుకుని రాత్రి తిరుగుతాయి. గరుకయ్య మాత్రం పగలే తిరిగేవాడు. చీకట్లో తిరిగితే చూసి మెచ్చుకునేదెవరు?

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. వాగు ఇసుకలో తవ్వుకున్న చెలమ కూడా అడుగంటింది. చుక్కమ్మ అనే దుప్పి ఈని అప్పటికి మూడు రోజులే అయింది. తాగడానికి నీళ్ళు లేక తల్లికి పాలు ఇంకిపోయాయి. పిల్ల లేచి నిలబడబోయేది, కూలబడిపోయేది.

"నేను వెళ్ళి నీళ్ళు వెతుకుతాను," అన్నాడు గరుకయ్య. గొప్ప కోసమే అన్నాడు. అయినా, అన్నది వాడొక్కడే.

తెల్లవారగానే చెలమ దగ్గర బయల్దేరాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తిరిగొచ్చాడు.

"నీళ్ళు దొరికాయి! బండ కింద చల్లటి ఊట. కడుపునిండా తాగొచ్చాను. ఎంత దూరమనుకున్నారు? రెండువేల ఏడువందల అడుగులు! వెళ్ళినదారినే మళ్ళీ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఒక్కటీ తేడా లేదు."

కుందేళ్ళు ఎగిరి గంతేశాయి. చుక్కమ్మ మాత్రం తల దించుకుంది.

"ఈ ఎండలో నా బిడ్డ అంత దూరం నడవలేదు మామా. దీన్ని వదిలి నేను రాలేను. మీరంతా వెళ్ళండి."

అప్పుడు పుట్టలోంచి నల్లవ్వ బయటికొచ్చింది. ఆమె గండుచీమలన్నిటికీ పెద్దది.

"ఒరే గరుకూ, ఎన్ని అడుగులు వేశావో చెప్పావు. ఎటు వేశావో చెప్పలేదే?"

"ఎటేమిటి అవ్వా? ముందుకే! వెనక్కి నడిచే రకమా నేను?"

"కోప్పడకు. వెళ్ళేటప్పుడు మొదట ఎండ నీకెక్కడ తగిలింది?"

"కుడి చెంపకి. ఆరువందల అడుగులు కుడి చెంప మాడిపోయింది."

"పొద్దుటి ఎండ కుడి చెంపకి తగిలిందంటే ఉత్తరానికి వెళ్ళావు. తర్వాత?"

"మొహం మీద. తొమ్మిదివందలు."

"అది తూర్పు. ఆ తర్వాత?"

"ఎడమ చెంపకి ఆరువందలు. చివర్న వీపుకి ఇంకో ఆరువందలు."

"దక్షిణం, ఆపైన పడమర," అంది నల్లవ్వ. వందకొక పుల్ల చొప్పున చీమలు వాడి దారంతా ఇసుక మీద పేర్చాయి. ఉత్తరానికి ఆరు పుల్లలు. తూర్పుకి తొమ్మిది. దక్షిణానికి ఆరు. పడమరకి ఆరు.

మొదటి పుల్ల మొదలుకీ, చివరి పుల్ల కొసకీ మధ్య మూడు పుల్లలంత ఖాళీ మిగిలింది. అంతే.

"ఉత్తరం వెళ్ళిందంతా దక్షిణం వచ్చి పోగొట్టుకున్నావు. తూర్పు వెళ్ళినదాంట్లో ఆరువందలు పడమర వచ్చి పోగొట్టుకున్నావు. ఊట మనకి తూర్పున మూడువందల అడుగుల్లోనే ఉందిరా. ఆ గుట్ట వెనకే!"

అందరూ గుట్టకేసి చూశారు. పుట్టిందగ్గర్నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నారు. అవతల ఏముందో ఎవరూ చూడలేదు.

"ఇక ఇప్పుడో? రానూపోనూ అయిదువేల నాలుగువందల అడుగులు నడిచి, బయల్దేరినచోటే నిలబడ్డావు. నడిచిన దూరం కొండంత. జరిగింది సున్నా."

పెద్ద బళ్ళలో ఈ జరగడాన్నే స్థానభ్రంశం అంటారు. నల్లవ్వ ఏ బడికీ వెళ్ళలేదు కాబట్టి తేలిగ్గా చెప్పేసింది.

కుందేళ్ళు కిసుక్కున నవ్వాయి. గరుకయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"సున్నానా? నా అరికాళ్ళు చూసి అను ఆ మాట! మూడువందల అడుగుల కోసమా నేనింత కష్టపడింది? నా దారి నాదే. ఎవరు ముందు చేరతారో చూద్దాం!"

మళ్ళీ ఉత్తరానికే బయల్దేరాడు, మండుటెండలో.

నల్లవ్వ మిగిలినవాళ్ళని తూర్పుకి తీసుకెళ్ళింది. గుట్టలో రెండు బండల నడుమ ఒక సందు ఉంది. ఎండుటాకులు నిండి గోడలా కనిపించేది. చీమలు ఆకుల కోసం ఆ సందులోకి వెళ్ళేవి గానీ, అవతలి కొస దాకా ఎప్పుడూ పోలేదు. దుప్పులు గిట్టలతో ఆకులు లాగేశాయి. చుక్కమ్మ పిల్లని మూతితో నెట్టుకుంటూ, ఆగుతూ ఆగుతూ నడిపించింది. సందు దాటగానే నీటి వాసన కొట్టింది. తల్లి తాగింది. సాయంత్రానికి పొదుగులో పాలు చేపుకొచ్చాయి. పిల్ల తోక ఆడించుకుంటూ తాగింది.

గరుకయ్య రెండువేల అయిదువందల అడుగుల దాకా వచ్చాడు. అక్కడ జీవితంలో మొదటిసారి లెక్క తప్పాడు. ఆ వెంటనే కాళ్ళూ తప్పాయి. పిలుద్దామంటే పరువు ఒప్పుకోలేదు.

పొద్దు వాలాక వాడి పెదాల మీద చల్లగా ఏదో పడింది. కళ్ళు తెరిచాడు. చుక్కమ్మ నోటినిండా తడి నాచు పట్టుకొచ్చి, వాడి మూతి మీద పిండుతోంది.

"నువ్వెందుకొచ్చావు? నీకు పిల్ల ఉంది కదా," అన్నాడు.

"పిల్ల పాలు తాగి పడుకుంది మామా. నువ్వింకా చేరలేదని ఊట దగ్గర్నుంచి నీ దారికి ఎదురొచ్చాను. నువ్వు తిరక్కపోతే ఇక్కడ నీళ్ళున్నాయని మాకెలా తెలిసేది? నీ రుణం ఉంచుకుంటానా?"

గరుకయ్య కళ్ళు తుడుచుకున్నాడు. చెమట అన్నాడు. ఊట దగ్గర నల్లవ్వ కనిపించగానే వాడి ముళ్ళన్నీ వాటంతటవే వాలిపోయాయి.

"అవ్వా, నా కాళ్ళు నన్ను తిప్పాయి. నువ్వు అందరినీ చేర్చావు. నీకు దణ్ణం," అన్నాడు.

"నీ అడుగులు లేకపోతే నా పుల్లలు ఎందుకు పనికొస్తాయిరా? నేనే నీకు పెట్టాలి," అంది నల్లవ్వ.

ఆ వేసవిలో పులికనుమలో ఒక్క ప్రాణి కూడా దాహంతో పోలేదు. గరుకయ్య ఎక్కడికెళ్ళొచ్చినా ఇప్పుడు ఎన్ని అడుగులో, ఎటో రెండూ చెబుతాడు. మబ్బు పట్టి సూర్యుడు కనబడని రోజున తూర్పు ఎటో మాత్రం వాడికి ఇప్పటికీ తెలీదు. నల్లవ్వని అడుగుతాడు.

నీతి: ఎంత తిరిగామన్నది దూరం, బయల్దేరినచోటినుంచి ఎటు, ఎంత జరిగామన్నది స్థానభ్రంశం. తిరిగినదానికి గర్వపడేవాడు దారిలో పడిపోతాడు, దిక్కు చెప్పినవాళ్ళ మాట వినేవాడు నీళ్ళు చేరతాడు.