మూసిన గండి

మారెప్ప గుట్ట ఎక్కి వచ్చేసరికి గవి తాత సంకటి తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. గుట్ట మీది రాతి గుహలో, ఊరి మాటలో గవిలో, ఉంటాడు గనుక అందరూ ఆయన్ని గవి తాత అంటారు. అసలు పేరేమిటో ఆయనకైనా గుర్తుందో లేదో. వయసులో ఉన్నప్పుడు ఆయనా ఈటె పట్టి అడవులు తిరిగినవాడే. ఎందుకు మానేసి ఇక్కడ కూర్చున్నాడో ఎవరికీ చెప్పలేదు. కష్టం వచ్చినప్పుడు మాత్రం ఊరు ఆయన దగ్గరికే వస్తుంది. మారెప్ప అయితే చిన్నప్పటి నుంచీ ఆయన శిష్యుడే.

"కూకోరా," అన్నాడు తాత.

మారెప్ప కూర్చోలేదు. గవి ముందు అటూ ఇటూ తిరిగాడు. చేతికందిన కొమ్మను విరిచి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కాలితో తన్నాడు. వెంట వచ్చిన వేటకుక్క కాసేపు అతనితో పాటు తిరిగి, విసుగొచ్చి నీడకు పోయి పడుకుంది.

తాత చెవిన ముందే పడిన సంగతి ఇది. మారెప్ప ఊరి వేటగాళ్ళకు పెద్ద. అడవిపందులు వేరుశనగ చేలను తవ్విపోస్తుంటే, మనుషుల్నీ కుక్కల్నీ కూడగట్టి వంకపొదల్లో దాగిన మందను చుట్టుముట్టాడు. అలా చుట్టుముట్టినప్పుడు ఒక పక్క మనిషిని పెట్టకూడదని ఆ ఊళ్ళో ముత్తాతల నాటి కట్టుబాటు. ఖాళీగా వదిలిన ఆ పక్కను గండి అంటారు. గండి మూస్తే గండం అని, ఈటె పట్టడం నేర్పకముందే పిల్లలకు ఆ మాట నేర్పుతారు.

ఊరికే అనలేదు పెద్దలు. పులి మనిషిని చూస్తే తప్పుకుంటుంది. పందికి ఆ మర్యాద తెలియదు. దారి ఉంటే దారిన పోతుంది, లేకపోతే మనిషిలోంచి పోతుంది. దాని కోర సరిగ్గా మన తొడ ఎత్తున ఉంటుంది. ఈటె దిగినా ఆగదు, ఈటెతో సహా వస్తుంది. ఇక పిల్లల తల్లి అయితే చెప్పనే అక్కర్లేదు.

ఆ రోజు గండి మూశారు. తిరగబడిన పంది మారెప్ప తమ్ముడు ఓబులేసు తొడను మోకాలి దాకా చీల్చింది. పక్కనే ఈటెతో నిలబడ్డ తిప్పన్న, మారెప్పకు స్వయానా బామ్మర్ది, ఈటె పారేసి బండ ఎక్కాడు.

"ఓబులేసు ఎట్లుండాడు?" అని అడిగాడు తాత.

"జ్వరం దిగలేదు. కాలు నిలుస్తాదో లేదో ఇప్పుడే చెప్పలేనంటాండాడు వైద్యుడు."

"నువ్వెట్లుండావు?"

"నాకేం, బాగానే ఉండా," అన్నాడు మారెప్ప, ఇంకో కొమ్మ విరుస్తూ. ఆ వెంటనే మాట మార్చాడు. "నిద్ర పట్టదు తాతా. ముద్ద దిగదు. ఇంటిదేమో తన తమ్ముడు తిప్పన్న మీది పాశంతో నాతో మాట్లాడదు. రేపు చావిట్లో పంచాయితీ పెట్టించినా. తిప్పన్న చేతికి గాజులు తొడిగి, పెళ్ళాం బిడ్డలతో సహా ఊరు దాటిస్తా. ఊరంతా నా పక్కనే ఉంది. నువ్వు సరే అంటే చాలు. అది అయితే గానీ నా మనసు కుదురుకోదు."

"తిప్పన్న ఏమంటాడు?"

"ఏమంటాడు? నోరు పడిపోయింది. ఇంట్లో కూకోని కత్తి నూరుకుంటాండాడంట. నూరుకోనీ."

తాత కర్ర పట్టుకుని లేచాడు.

"ఎండగా ఉంది. లోపలికి పద."

మారెప్ప తల వంచి గవిలోకి దూరాడు. మూడు పక్కలా రాయి, ముందు మనిషి పట్టేంత సందు. వెనకే వచ్చిన తాత ఆ సందులో నిలబడి కర్ర అడ్డం పెట్టాడు. లోపల వెలుతురు తగ్గింది.

"గండి ఎవురు మూసినారు?"

"అందరం ఉండాం కదా తాతా."

తాత ఒక అడుగు ముందుకు వేశాడు. "ఆ ఇద్దర్నీ ఆడ నిలబెట్టింది ఎవురు?"

"నిలబెడితే ఏమాయె? తిప్పన్న పారిపోకుండా ఉంటే..."

ఇంకో అడుగు. "ఒక్క పంది కూడా పోకూడదన్నది ఎవురు?"

"చాలు తాతా. పక్కకు జరుగు."

తాత జరగలేదు, ఇంకా దగ్గరికి వచ్చాడు. మారెప్ప వెనక్కి జరిగాడు. వీపుకు రాయి తగిలింది. ముసలాయన ఊపిరి ముఖం మీద తగులుతోంది.

"గండి మూయొద్దు అన్నా, అని ఓబులేసు అంటే, నోరు మూసుకోని ఆడ నిలబడమన్నది ఎవురు?"

తర్వాత ఏం చేశాడో మారెప్పకు తెలియదు. తెలిసేసరికి బయట ఎండలో ఉన్నాడు, రొప్పుతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే తాత గవి వాకిట్లో బండ మీద పడి ఉన్నాడు. మోచేయి గీరుకుపోయి రక్తం కారుతోంది. కుక్క లేచి, ఎవరి మీద మొరగాలో తెలియక ఇద్దరి మీదా మొరిగింది.

గురువు మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ సంగతి మెల్లగా మారెప్పకు ఎక్కింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి తాతను లేపి కూర్చోబెట్టాడు.

తాత మోచేతి మీది ఇసుక దులుపుకున్నాడు. తర్వాత తీరిగ్గా తన తొడ తడిమి చూసుకున్నాడు.

"నీకు కోరలు లేవు గనక బతికిపోయినా," అన్నాడు.

మారెప్ప అప్పుడు కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచి కూర్చోవడం అదే మొదలు.

తాత అడిగాడు. "రేపు చావిట్లో తిప్పన్నను యాడ నిలబెడతావు?"

ఆ ఊరి చావిడికి మూడు పక్కలా గోడలే. తప్పు చేశాడన్నవాణ్ణి వెనక గోడకు నిలబెట్టి, ఊరివాళ్ళు వాకిలికి అడ్డంగా కూర్చోవడం ఆనవాయితీ.

మర్నాడు పొద్దున చావిడి నిండింది. గాజులు ఒక పళ్ళెంలో పెట్టి తెచ్చారు. అలాంటి పనులకు మన ఊళ్ళలో ఉత్సాహానికేం కొదవ. తిప్పన్న వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది. కుడిచెయ్యి మాత్రం నడుము దగ్గర నుంచి కదలడం లేదు.

మారెప్ప లేచాడు. వాకిట్లో కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినే లేపి అటూ ఇటూ జరిపాడు. ఎందుకని ఒకరిద్దరు గొణిగారు. అతను వినిపించుకోలేదు. వాకిలి ఖాళీ అయింది. బయట వీధి, వీధిలో ఎండ కనిపించాయి.

"గండి మూయమన్నది నేను," అన్నాడు మారెప్ప. "ఓబులేసు వద్దన్నాడు. నేనే వాన్ని ఆడ నిలబెట్టినా."

తిప్పన్న ఆ ఖాళీ వాకిలి వైపు చూశాడు. పోతాడేమో అనుకున్నారు అందరూ. పోలేదు. నడుములోని కత్తి తీసి నేల మీద పెట్టి, దాని పక్కన కూలబడ్డాడు.

"నాకు ఓబులేసు కనపడలేదు బావా," అన్నాడు. "బండ ఒకటే కనపడింది."