ఒకే మట్టం

నది మధ్య ఒక లంక ఉండేది. ఆ లంకలో ఒక మైకుగది. గదిలో కంప్యూటర్, గది పైకప్పు మీద స్పీకర్. రోజూ సాయంత్రం, ముందు ఊరిపెద్ద మాట, తర్వాత పడవ నడిపే ఆవిడ మాట ఊరంతటికీ వినిపించాలని ఏర్పాటు. ఇద్దరూ పొద్దున్నే వచ్చి రికార్డు చేసి వెళ్లేవాళ్లు.

ఊరిపెద్ద మైకును నోటికి ఆనించుకుని అరిచేవాడు. పడవావిడ దూరంగా నిలబడి మెల్లగా మాట్లాడేది. నీటి మీద గొంతు పెంచాల్సిన పని లేదు, మాట దానంతటదే సాగిపోతుంది. ఆమెకు అదే అలవాటైంది.

స్పీకర్‌కి ఇదేమీ తెలియదు. పెద్దాయన మాట మొదలవగానే ఉయ్యాలల్లో పిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లు. జనం చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాళ్లు, ఆయన ముగించాక కూడా తీసేవాళ్లు కాదు. తీసినవాళ్లకు పడవావిడ మాట గాలి చప్పుడులా ఉండేది. మైకుగది చూసుకునే అమ్మాయి ఒకరికి వాల్యూమ్ తగ్గిస్తూ ఇంకొకరికి పెంచుతూ అక్కడే నిలబడేది. ఆమె చెయ్యి ఎప్పుడూ ఒక మాట ఆలస్యమయ్యేది.

ఒకరోజు పొద్దున పడవావిడ రికార్డు చేసి వెంటనే వెళ్లలేదు.

"ఇవాళైనా నా మాట వినపడాలమ్మా. రాత్రికి రాత్రే ఇసుక కదిలిపోయింది. నడిచి దాటే దారిలో నిలువులోతు గుంట పడింది. గుర్తుగా కర్రలు పాతితే నీళ్లు లాక్కుపోయాయి. సాయంత్రం ఎవరో ఒకరు దిగుతారు. నేను పడవ వదిలేసి ఇంటింటికీ తిరగలేను."

"వినిపిస్తానక్కా," అంది అమ్మాయి.

ఆమె రెండు రికార్డింగులనూ పక్కపక్కన పెట్టింది. ఒక్కోటి మొత్తం మీద ఎంత గట్టిగా ఉందో కంప్యూటర్‌తో కొలిపించింది. ఒకే మట్టం అనుకుని, ఒకదాన్ని అక్కడికి దించింది, ఒకదాన్ని అక్కడికి ఎత్తింది. ఎవరి మాటా తీసేయలేదు, ఎవరికీ మాట కలపలేదు.

సాయంత్రం ఊరిపెద్ద చేతికర్రతో నది దగ్గరికి నడిచాడు. అవతలి గట్టున ఆయన కూతురు ప్రసవించింది. మనవరాలిని చూడాలని ఆయన తొందర. నీళ్లలో రెండు అడుగులు వేశాడు. అప్పుడే స్పీకర్ మోగింది. తన గొంతే, కానీ మామూలు మనిషి గొంతులా ఉంది. ఆయనకు కోపం వచ్చి ఆగిపోయాడు.

ఆగాడు కాబట్టి తర్వాతి మాట కూడా విన్నాడు.

"నడకదారిలో గుంట పడింది. ఎవరూ దిగొద్దు. పడవ తెస్తాను, ఉండండి."

పెద్దాయన కర్రను ముందుకు గుచ్చాడు. కర్ర పిడి దాకా మునిగింది. ఆయన వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కాడు. గట్టు మీదికి వచ్చిన మిగతావాళ్లు కూడా ఆగిపోయి, పడవ కోసం కూర్చున్నారు. ఆ సాయంత్రం నీళ్లలోకి ఎవరూ దిగలేదు.

ఆయన తడి పంచెతోనే మైకుగదికి వచ్చాడు.

"నా గొంతు తగ్గించింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఆవిడ గొంతు పెంచింది?"

"అదీ నేనేనండీ."

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. "బతికించావు తల్లీ," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన మైకుకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. "మా ఇంట ఆడపిల్ల పుట్టింది. నిన్న పడవలో వెళ్లి చూసొచ్చాను," అన్నాడు. ఆపేసి, బెరుగ్గా అడిగాడు: "ఇలా మాట్లాడితే వినపడుతుందా?"

ఆ ప్రశ్నను కూడా అమ్మాయి రికార్డులో అలాగే ఉంచేసింది.

సాయంత్రం స్పీకర్ అడిగింది. వల అల్లుతున్నవాళ్లు, పొయ్యి ఊదుతున్నవాళ్లు, పిల్లల్ని జోకొడుతున్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే తలెత్తి, "ఆఁ, వినపడుతోంది!" అన్నారు.

గడపలో నిలబడ్డ ఊరిపెద్ద మొదటిసారి ఊరి గొంతు విన్నాడు.