ముడులు మింగే జిగురమ్మ

అనగనగా ఒక అడవిలో జిగురమ్మ అనే సాలీడు ఉండేది. గుహకూ బొరియకూ, చెట్టుకూ పుట్టకూ మధ్య దారాలు కట్టేది. దారం ఈ కొసన మాట్లాడితే ఆ కొసన వినబడేది. మాట్లాడిన ప్రతిసారీ దారానికి ఒక ముడి పడేది. పొద్దుగూకగానే జిగురమ్మ ముడులన్నీ మింగేసేది. సాలీళ్ల ఆచారం అది. అందుకే అడవంతా నిశ్చింతగా కబుర్లాడుకునేది.

ఒకరోజు సింహరాజు నిండు సభలో తుమ్మాడు. ఈకల కిరీటం ఎగిరి మొసలి నోట్లో పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"రాజద్రోహం!" అంటూ నక్కమంత్రి జిగురమ్మ దగ్గరికి పరుగెత్తింది. "నవ్విన ద్రోహిని పట్టుకోవాలి. ఇకనుంచి ముడులు మింగకు. మాకు ఇచ్చెయ్."

"అవి వాళ్ల సొంత విషయాలు కదండీ మంత్రిగారూ?"

"మాటలెవరికి కావాలమ్మా? ఎవరు ఎవరితో ఎన్నిసార్లు మాట్లాడారో తెలిస్తే చాలు. తప్పు చేయనివాళ్లకు భయమెందుకు?"

జిగురమ్మకు మనసొప్పలేదు. కానీ రాజుగారి పని! ఒట్టి ముడులేగా అని సర్దిచెప్పుకుంది. వారం తిరిగేసరికి దారాలన్నీ మోసుకెళ్లి సభలో పెట్టింది.

నక్క తడమడం మొదలెట్టింది. "ముళ్లపందికీ ఎలుగుబంటికీ మూడు ముడులు. అనుమానమే! కోతికీ వాళ్లత్తకీ ఐదు. ఘోరం! కుందేలుకీ ఏనుగుకీ గుప్పెడు! ఎవరి ముడులు ఎక్కువో వాళ్లే ద్రోహులు. కుందేలు పొద్దుటికల్లా అడవి విడిచిపోవాలి!"

"నా పిల్లలింకా కళ్లు తెరవలేదు ప్రభూ," అని కుందేలు వేడుకుంది. ఏం మాట్లాడిందో మాత్రం చెప్పలేదు. ఏనుగు తల దించుకుంది.

ఈ పాపం తనదేనని జిగురమ్మకు అర్థమైంది. "ఇంకో దారం మిగిలింది మంత్రిగారూ," అంది.

"అదీ తడుము!" అని గర్జించాడు రాజు.

నక్క తడిమింది. తడుముతూనే ఉంది. "అబ్బో, బుట్టెడు ముడులు! దొరికాడు ద్రోహి! ఎలుక బొరియకూ... ఏలినవారి గుహకూ."

నక్కకు చట్టమంటే చట్టమే. "మహారాజా, తమరు తమ మీదే కుట్ర పన్నారు. పొద్దుటికల్లా అడవి విడిచిపోవాలి."

"కుట్రా లేదు, గిట్రా లేదు!" అన్నాడు రాజు. "నా గుహలో బల్లి ఉంది. నాకు బల్లంటే భయం. ఎలుకొచ్చి తరుముతుంది."

"నాకు చీకటంటే భయం," అని ఏనుగు భోరుమంది. "కుందేలక్క జోల పాడుతుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికీ తమ తమ ముడులు గుర్తొచ్చాయి.

"కుందేలమ్మా, ఇంటికెళ్లు," అన్నాడు రాజు. "జిగురమ్మా, మింగెయ్. తొందరగా!"

మర్నాడు నక్క మళ్లీ వచ్చింది. "ఇవాళ్టి ముడులేవమ్మా?"

"కడుపులో ఉన్నాయండీ," అంది జిగురమ్మ.

ఆ రోజు నవ్విందెవరో ఇప్పటికీ తేలలేదు. మొసలి మాత్రం నోరు విప్పడం లేదు.

నీతి: దాచుకున్నదంతా ద్రోహం కాదు. ఊరందరి దారాలూ తడిమే చెయ్యి చివరికి తన గుమ్మానికే చేరుతుంది.