తలుపు వెనక ప్రశ్న

మద్దిలేటికి ఆరేళ్ళుగా ఒకటే అనుమానం: గురువుకు తన మీద అనుమానమని.

కర్నూల్లో దర్గా వీధి మలుపున ఆ గురువు, జిలానీ సాహెబ్, కారు తాళాలు చేస్తాడు. తస్బీ పూసలు తిప్పే వేళ్ళతోనే ఆకురాయి పట్టి రుద్దుతాడు. మారుతాళాలు చేసే మిషన్ లోపలి గదిలో ఉంటుంది. రోజూ పొద్దున్నే మద్దిలేటి ఆ గది తలుపు తట్టాలి. లోపలి నుంచి ఆయన అడగాలి.

"ఎవరు?"

"మద్దిలేటిని, ఉస్తాద్."

"నిన్న టీ గ్లాసు పగలగొట్టిందెవరు?"

"మీరే కదా!"

అప్పుడు గడియ తీస్తాడు. మర్నాడు ఇంకో ప్రశ్న. పండగైనా, జ్వరమొచ్చినా ప్రశ్న మాత్రం తప్పదు.

"ఆరేళ్ళకు కూడా నీ గొంతు తెలీలేదా మీ సాయిబుకు?" అని భార్య నాగమ్మ నవ్వింది. "ఏదో పోగొట్టుకుని నీ మీద అనుమానం పెట్టుకున్నాడేమో, చూస్కో."

ఆ మాట ముల్లులా దిగింది. ఇక గురువు దగ్గినా మద్దిలేటికి అనుమానమే, దగ్గకపోయినా అనుమానమే. నంద్యాలలో ఒక కొట్టు యజమానికి సోమవారం నుంచి పనిలోకి వస్తానని చెప్పేశాడు. శనివారం గురువు ముందు నిలబడ్డాడు.

"ఉస్తాద్, నేను దొంగనా?"

ఆయన తలెత్తేలోగా హైమవతి టీచరు ఆటో దిగింది. ఆమె చేతిలో కారు తాళంచెవి. దాని నల్లటి తలకాయ పగిలి, రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"పదకొండేళ్ళుగా తోలుతున్నా. ఇవాళ నా బండే నన్ను దొంగంటోంది! తలుపు తెరుచుకుంటుంది. ఇంజను ఇట్లా అందుకుని అట్లా ఆగిపోతుంది." మద్దిలేటిని ఎగాదిగా చూసింది. "పోయిన్నెల దీన్ని పట్టుకుంది నువ్వే కదూ?"

సాహెబ్ గొంతు నొప్పన్నట్టు చెయ్యి పెట్టుకుని శిష్యుణ్ణి చూపించాడు. పొద్దున ప్రశ్న అడిగినప్పుడు ఆ గొంతు బాగానే ఉంది మరి.

"అమ్మా, మీ హ్యాండ్‌బ్యాగ్ ఒకసారి బోర్లించండి," అన్నాడు మద్దిలేటి.

చాక్‌పీసులు, దగ్గు బిళ్ళలు, దువ్వెన పడ్డాయి. వాటి మధ్య బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదిగా ఒక నల్ల ముక్క.

"ఇదమ్మా చిప్. తలకాయ పగిలితే జారిపోయింది. పళ్ళు సరిపోతే తాళం తిరుగుతుంది, అంతే. తాళం పెట్టే కంత చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. బండి దాని గుండా చిప్‌ని ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు సరైతేనే ఇంజను నడవనిస్తుంది."

"ఒకసారి అడిగి గుర్తుపెట్టుకోవచ్చుగా! నా బండికి నేను తెలీదా?"

"నిన్నటి జవాబే ఇవాళా చెల్లితే, చాటుగా విన్నవాడెవడైనా రేపు బండి తోలుకుపోడా? అందుకే ప్రతిసారీ కొత్త ప్రశ్న. మీ మీద అనుమానం కాదమ్మా. మిమ్మల్ని అడగడం మానేస్తే, వాణ్ణీ అడగ..."

మద్దిలేటి చూపు లోపలి గది గడియ మీదికి పోయింది.

సాహెబ్ ఎందుకూ పనికిరాని ఇనపముక్కను తీరిగ్గా రుద్దుతున్నాడు.

"పెద్ద చెప్పొచ్చావులే, పంతులూ!" అని టీచరు చిప్ బిగించిన తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం నంద్యాల బస్సెక్కాల్సిన మద్దిలేటి కొట్టు దగ్గరికొచ్చాడు. లోపలి గది తలుపు బార్లా తెరిచి ఉంది. సాహెబ్ అటు తిరిగి కూర్చున్నాడు. ఎవరని అడగలేదు. ఎవరొచ్చారో చూడనూ లేదు. మిషన్ మీద గుడ్డయినా కప్పలేదు.

మద్దిలేటి గడప దాటలేదు. చెయ్యి చాచి తలుపు తనే దగ్గరికి లాగాడు. లోపల గడియ పడేదాకా ఆగి, తట్టాడు.

"ఎవరు?"

"మద్దిలేటిని, ఉస్తాద్."

"మొన్న టీచరమ్మ నిన్నేమని పిలిచింది?"



"పంతులూ అంది."

గడియ తీసిన చప్పుడైంది.