కోడలి కేకు, మావగార్ల పరుగు

జొన్నలగరువులో గవరయ్య ఇంటివాళ్ళు తమంత తెలివిగలవాళ్ళు చుట్టుపక్కల ఎక్కడా లేరని నమ్మేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెబితే ఇంకొకటి చేస్తారనీ, తాము మాత్రం చెప్పింది చెప్పినట్టు పొల్లుపోకుండా చేస్తామనీ గవరయ్య అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి వివరించేవాడు. తమ్ముడు వీర్రాఘవులు పక్కన కూర్చుని తల ఊపేవాడు. ఊపమని అన్న ఎప్పుడో ఓసారి చెప్పాడు, ఆపమని చెప్పలేదు. వీళ్ళిద్దర్నీ చూసి గవరయ్య భార్య మంగతాయారు మురిసిపోయేది. ఇక కొడుకు భద్రం అంటారా, వీళ్ళ ముగ్గుర్నీ కలిపి రుబ్బినట్టుంటాడు.

అలాంటి కొంపలో కాకినాడ పిల్ల హైమ కోడలిగా అడుగుపెట్టింది. బుర్రున్న పిల్లే. మరి ఎలా చిక్కిందంటే, పెళ్ళిచూపుల్లో భద్రం "నువ్వేం చెబితే అదే చేస్తాను" అన్నాడు. ఆ మాట వింటే ఏ ఆడపిల్ల పొంగిపోదు? హైమా పొంగిపోయింది. అందులో ఎంత ప్రమాదం ఉందో పాపం తర్వాత గాని తెలియలేదు.

హైమ చిన్నప్పుడు వాళ్ళ వీధిలో పాల కోసం దూడని తల్లి పొదుగు దగ్గర్నుంచి ఈడ్చేయడం చూసింది. అప్పట్నుంచి పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, ఏవీ ముట్టదు. అలాగని తీపి మీద విరక్తేమీ లేదు. అవేవీ లేకుండానే దూదిలాంటి కేకు చేసేది. పొద్దున్నే బూట్లు వేసుకుని కాలవగట్టు మీద పరుగెత్తేది. అత్తారింట్లో కూడా ఈ రెండూ మానకూడదనుకుంది.

వచ్చిన రోజే అత్తగారితో, జంతువుల దగ్గర్నుంచి వచ్చినదేదీ తాను తిననని మర్యాదగా చెప్పింది. అంతే. వీర్రాఘవులు వీధిగుమ్మంలో కాపలా కూర్చున్నాడు. ఎడ్లబండి మీద బియ్యం బస్తాలు వస్తే, ఇవి ఎడ్ల దగ్గర్నుంచి వచ్చాయని వెనక్కి తోలేశాడు. కూరలావిడ తెచ్చిన తోటకూరని దారిలో మేక వాసన చూసిందని తెలిసి అదీ పంపేశాడు. ఆ పూట హైమ మంచినీళ్ళు తాగి పడుకుంది. కోడలికి తిండి ధ్యాస లేదని, ఎంత కలిసొచ్చే పిల్లో అని మంగతాయారు వీధంతా చెప్పుకుంది.

తర్వాత ఓ రోజు కేకు చేద్దామని, కాస్త కొబ్బరిపాలు తీసిపెట్టమని హైమ మావగారిని అడిగింది. ఇంకేముంది, గవరయ్య చెంబూ పీటా పట్టుకుని పెరట్లో కొబ్బరిచెట్టు కింద చేరాడు. చెట్టు మొదలు నీళ్ళతో కడిగాడు. గుప్పెడు తవుడు పెట్టాడు. ఎంత నిమిరినా చుక్క రాలేదు. వీర్రాఘవులు బాగా ఆలోచించి, దూడని వదలకుండా చెట్టు ఎలా చేపుతుందని అడిగాడు. నిజమే కదా అనుకుని ఇద్దరూ పక్కింటి దొడ్లోంచి ఓ కొబ్బరిమొక్కని వేళ్ళతో సహా పెకలించుకొచ్చి చెట్టుకి ఆనించారు. అంతలో గాలికి ఓ కాయ రాలి గవరయ్య భుజం మీద పడింది.

"తన్నుబోతు చెట్టురా ఇది," అన్నాడు గవరయ్య. "కాళ్ళకి బంధం వెయ్యి."

వీర్రాఘవులు పలుపుతాడు తెచ్చి చెట్టు మొదలుకి గట్టిగా కట్టాడు. పక్కింటాయన తన మొక్క ఏదని తిట్టుకుంటూ వస్తే, పాలు తాగడం కాగానే తోలుకుపొమ్మని నెమ్మదిగా చెప్పారు.

హైమ కొబ్బరి తనే కోరుకుని తనే పిండుకుంది. కేకులో గుడ్లకి బదులు అరటిపళ్ళు పెడతామని అత్తగారికి మాటవరసకి చెప్పింది. అంతే, మంగతాయారు పెరట్లోకి వెళ్ళి, గంపలో పొదుగుతున్న పెట్ట కిందనుంచి గుడ్లన్నీ తీసేసి అరటిపళ్ళు పెట్టింది. పెట్ట ఓసారి పళ్ళని చూసి, ఓసారి మంగతాయారుని చూసి, గంప దిగి వెళ్ళిపోయింది. ఆ ఇంటి మొత్తానికి తెలివున్నది దానికొక్కదానికే. పళ్ళు చల్లబడితే పిల్లలు అవ్వవని మంగతాయారు మరిదిని గంపలో కూర్చోబెట్టింది. కాసేపటికి వీర్రాఘవులు పంచె తడిసింది. పిల్లలు బయటపడే వేళయిందని, ఎవరూ చప్పుడు చేయొద్దని ఇంట్లో అందరికీ సైగ చేశాడు.

పరుగు సంగతైతే ఇంకా అన్యాయం. కాలవగట్టు మీద హైమని చూసి, ఎందుకు పరుగెత్తుతున్నావని భద్రం అడిగాడు. ఊరికే పరుగెత్తుతున్నానంది హైమ. భద్రం ఇంటికొచ్చి, అది ఊరికే పరుగెత్తుతోందట అని తల్లికి చెప్పాడు. కోడలు ఊరికి వెళ్తుంటే వట్టి చేతులతో పంపుతామా అని మంగతాయారు గాభరాపడింది. ట్రంకుపెట్టెలో చీరలూ పసుపూ కుంకుమా సర్దింది. మర్నాటి నుంచి ముందు హైమ, వెనకాల నెత్తిన పెట్టెతో భద్రం. కాకినాడ దాకా దిగబెట్టి రమ్మంది కదా అమ్మ, మరి ఈవిడేమో వంతెన దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. అందుకని భద్రం కూడా తిరిగి, రోజూ ఊరెళ్ళొచ్చినట్టే లెక్క వేసుకునేవాడు.

ఓసారి హైమ పరుగు ముగించుకుని వచ్చి, గుమ్మంలో కూలబడి, ఊపిరి అందట్లేదంది. అందకపోతే చెప్పాలిగాని కూర్చుంటే ఎలా అని గవరయ్య నిచ్చెన తెచ్చి గోడకి వేశాడు.

ఇలా ఉండగా పక్కనున్న పేటలో పరుగు పందెం పెట్టారు. అక్కడ బేకరీ నడిపే శేషాచలం ఆ పందేనికి పెద్ద. హైమ కేకుల సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. పందెం రోజు ఓ కేకు తెమ్మన్నాడు, నచ్చితే తన బేకరీలోనే పని ఇస్తానన్నాడు. హైమకి కాళ్ళు నేల మీద ఆనలేదు. పేరు కోసం కాదు. ఆ కొంపలోంచి రోజూ కాసేపైనా బయటపడే దారి దొరికిందని.

పందెం ముందురోజు మధ్యాహ్నం కేకు ఓవెన్లో పెట్టి, తలస్నానానికి వెళ్తూ, దీని మీద ఓ కన్నేసి ఉంచమని భద్రానికి చెప్పింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ. భద్రం ఓవెన్ ముందు కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి తువ్వాలు కట్టుకున్నాడు, రెండో కన్ను ఆర్పకుండా చూస్తున్నాడు.

"మాడిపోతుంటే ఏం చేస్తున్నారు?" అంది హైమ.

"చూస్తున్నా. ముందు అంచులు నల్లబడ్డాయి, తర్వాత మధ్యలో. ఒక్క కన్నుతోనే అంతా కనిపించింది."

హైమ అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. ఇన్నాళ్ళలో ఏడవడం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు వస్తున్నాయని భద్రం గిన్నె తెచ్చి పట్టాడు. ఆ గిన్నె చూసేసరికి హైమ ఏడుపు ఆగిపోయింది. లేచి, అందర్నీ బయటికి పంపి, వంటింటి తలుపు గడియ వేసుకుని, మళ్ళీ పిండి కలిపింది. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. కేకు బ్రహ్మాండంగా కుదిరింది.

మర్నాడు అందరూ పేటకి వెళ్ళారు. పరుగుకి వెళ్ళే హడావుడిలో హైమ మళ్ళీ నోరు జారింది. శేషాచలంగారు రాగానే ముందు ఆయన నోరు తీపి చేయమనీ, పరుగయ్యాక తాను వచ్చి మాట్లాడతాననీ అత్తగారికి కేకు అప్పగించింది. అంతే, ఆయన వచ్చీ రాగానే మంగతాయారు ఆయన మెడ ఒడిసిపట్టుకుని, కేకు ముక్క ముద్దచేసి ఆయన మూతికి, మీసాలకి, గడ్డానికి దట్టంగా పట్టించింది. ఆయన తిట్టడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో కాస్త పడింది. తిట్టు ఆగిపోయింది. నాలుకతో మీసం తడుముకున్నాడు. ఇందులో పాలూ గుడ్లూ నిజంగానే లేవా అని అడిగాడు.

"ఎలా ఉంటాయి బాబూ," అంది మంగతాయారు. "మా చెట్టు తన్నుతుంది. పిల్లలేమో ఇంకా బయటపడలేదు."

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, కేకు అర్థమైంది. రేపట్నుంచే కోడల్ని పనిలోకి పంపమని చెప్పి, ఇంకో ముక్క చేతికి ఇమ్మని అడిగి మరీ తిన్నాడు.

ఇంతలో పందెం చివరికొచ్చింది. రోడ్డుకి అడ్డంగా సున్నపు గీత ఉంది. దాని మీద ఎర్ర రిబ్బను పట్టుకోవడానికి మనుషులు కావాల్సొచ్చి, ఊరికే నిలబడ్డ అన్నదమ్ముల చేతికి రెండు కొసలూ ఇచ్చారు. పరుగెత్తేవాళ్ళకి ముందు పట్టుకోమనీ, బిగుతుగా పట్టుకోమనీ, వదలొద్దనీ ఆ పందెం కుర్రాళ్ళు మరీమరీ చెప్పారు. చెప్పింది ఎవరికో వాళ్ళకేం తెలుసు?

అందరికంటే ముందు హైమ వస్తోంది. ఇంకేముంది, ఆమె దగ్గరికొచ్చేసరికి అన్నదమ్ములు ముందుకి కదిలారు. హైమ వేగం పెంచింది. వాళ్ళూ పెంచారు. ముందు పట్టుకోమన్నారు మరి. సున్నపు గీత ఎప్పుడో వెనకబడింది. హైమ గీత దాటి ఆగిపోయింది. వెనకవాళ్ళకి ఆ సంగతి తెలియక రిబ్బను వెంటపడ్డారు. ముందు పంచెలు ఎగ్గట్టిన గవరయ్య, వీర్రాఘవులు, మధ్యలో ఎర్ర రిబ్బను, వెనక పేట కుర్రకారంతా. సంతవీధి దాటారు, రైసుమిల్లు దాటారు. మిల్లు అవతల కుర్రాళ్ళు ఒక్కొక్కరే కూలబడ్డారు.

హైమకి మొదటి బహుమతి ఇచ్చారు. సాయంత్రం అన్నదమ్ములు రిబ్బను పట్టుకునే ఇంటికొచ్చి, కోడలి బహుమతి చూసి జాలిపడ్డారు.

"బాధపడకమ్మా," అన్నాడు గవరయ్య. "అందరికంటే ముందున్నది మేము. రెండోదానివైతే మాత్రం నీకేం తక్కువ?"

లోపలికి వద్దామంటే గుమ్మం చాల్లేదు. రిబ్బను రోడ్డంత పొడుగు, వదులు చేయొద్దన్నారాయె. అరుగుకి ఈ చివర అన్న, ఆ చివర తమ్ముడు నిలబడిపోయారు. వదిలేయండి అని హైమ ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అన్నం తిని, రేపటి పనికి బూట్లు తుడుచుకుని, హాయిగా పడుకుంది.

గవరయ్య కాసేపు ఆలోచించి కొడుకుని పిలిచాడు. గుమ్మానికి అటూ ఇటూ గోడ పడగొట్టమన్నాడు. చెప్పిన మాట వినే కుర్రాడు కదా, భద్రం గునపం తెచ్చాడు.